టైరుమీది నాలుగంకెలు
(తల్లిదండ్రులకు ఒక పాఠము)

ఈ వార్షిక సంచికలో తల్లిదండ్రుల కొరకు ఏటేట ఒక పాఠము వ్రాయుట మాకు ఆచారము. పిల్లల ఆరోగ్యమును గూర్చియు, ఇంట తెలుగు చదివించు పద్ధతిని గూర్చియు, పొదుపును గూర్చియు ఇదివరలో వ్రాసియుంటిమి. ఈ సంవత్సరము మేము ఎన్నుకొన్న విషయము చూచి కొందరు నవ్వవచ్చును. చేతిఫోనులో బొమ్మ చూచి, అంతర్జాలము ద్వారా వాడిన కారు టైర్లు కొనుటవలన కలుగు అపాయములే ఆ విషయము. బడిపంతులుకు టైర్లతో పని యేమి యని అడుగువారికి సమాధానము ఈ వ్యాసములోనే దొరకును. ఇందు మా తప్పు కూడ ఒకటి యున్నది. దానిని ముందుగా చెప్పుట న్యాయము.

జరిగిన సంగతి

మన హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబములలో కొందరు పూలు, కూరగాయలు పండించువారు. కొందరు కర్మాగారములలో పనిచేయువారు. మరికొందరు బాడుగ కార్లు నడుపుకొని బ్రతుకువారు. తెల్లవారుజామున బెంగుళూరికి పోయి ప్రొద్దుపోయిన తరువాత తిరిగివచ్చు ఆ కారే ఎన్నో ఇండ్లకు అన్నము పెట్టుచున్నది. అట్టివారిలో ఒకరి కుమారుడు మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండగా, ఆ తండ్రి ఒకనాడు ఫోను చేతబట్టుకొని మా గదికి వచ్చెను.

"అయ్యవారూ, ఇంగ్లీషులో ఏమో రాసుండారు. రవ్వంత చదివి చెప్పండి" అనెను.

మేము కండ్లజోడు పెట్టుకొని చూచితిమి. అందు రెండు టైర్ల బొమ్మ యున్నది. అవి నల్లగా నిగనిగలాడుచున్నవి. కొద్దిగా వాడినవనియు, నూటికి తొంబది వంతులు మిగిలియున్నవనియు, పంక్చరు ఎన్నడును పడలేదనియు, ఒక్కొక్కటి రెండువేల రూపాయలనియు వ్రాసియున్నది. చదివి అర్థము చెప్పితిమి.

"తీసుకోవచ్చునా అయ్యవారూ?" అని అతడు అడిగెను.

"ధర నయముగానే ఉన్నదప్పా, తీసుకో" అంటిమి.

టైర్లను గూర్చి మాకు ఏమియు తెలియదు. ఐనను, ప్రకటనలోని అక్షరములు చదువగలిగితిమి గనుక ఆ వస్తువును కూడ చదివితిమని భ్రమపడితిమి. అతడు మా మాట నమ్మి సొమ్ము ముందుగానే పంపెను. టైర్లు పార్సెలు లారీలో వచ్చెను. అతడు వానిని వెనుక చక్రములకు బిగించుకొనెను.

రెండు నెలల తరువాత కృష్ణగిరిలో జిల్లాస్థాయి వక్తృత్వపు పోటీ జరిగెను. మా పిల్లలు నలుగురు పాల్గొనుటకు పోవలసి వచ్చినది. ఆ తండ్రియే బాడుగ తీసికొనక తన కారులో వారిని తీసికొనిపోయెను. మేము ముందుసీటులో కూర్చుంటిమి. సాయంకాలము తిరిగివచ్చుచు శూలగిరి సమీపించునప్పటికి వెనుకనుండి దడదడమను చప్పుడు వినవచ్చెను. క్షణములో టైరు పైపొర ఊడి, కారును కొట్టనారంభించెను. కారు ఒకప్రక్కకు లాగెను. అతడు బ్రేకును గట్టిగా త్రొక్కక, స్టీరింగును రెండు చేతులతో బిగించి పట్టి, వేగము దానంతట అది తగ్గునట్లు చేసి, కారును రోడ్డు అంచున నిలిపెను. అదే సమయమున పెద్ద రాతిదిమ్మెలు మోయుచున్న లారీ ఒకటి హారను మ్రోగించుచు మా ప్రక్కనుండి దూసికొనిపోయెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. పిల్లలు దిగి కట్టమీద నిలుచుండిరి. రెండవ బహుమతి పొందిన చిన్నపిల్ల తన కప్పును రెండు చేతులతో గుండెకు అదిమిపట్టుకొని యుండెను. ఆ పిల్ల ముఖము చూచినప్పుడు మాకు నోట మాట రాలేదు.

శూలగిరిలో పంక్చరు అంగడి నడుపు అబ్బాయి టైరును రిమ్మునుండి విప్పి మాకు చూపెను. అతడును తెలుగువాడే. లోపల మూడుచోట్ల అతుకులున్నవి. రబ్బరు పొడి రాలియున్నది. పైన గాడులు కత్తితో లోతుగా కోయబడియున్నవి. తరువాత అతడు ప్రక్కభాగముమీద కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నున్న నాలుగంకెలను వ్రేలితో చూపెను. అవి 3411.

"2011లో చేసిన టైరు సార్ ఇది. వయసు దీని మీదనే రాసుంది. మీరు చూడలేదా?" అని అడిగెను.

ఇన్ని సంవత్సరములు గణితము బోధించిన మేము ఆ నాలుగంకెలు చదువనైతిమి. పండ్రెండేండ్లు దాటిన టైరుమీద నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి తీసికొనిపోతిమి. ఈ పాఠము వ్రాయుటకు కారణము ఇదియే.

టైరు చేయు పని

కారు ఎంత పెద్దదైనను భూమిని తాకునవి నాలుగు టైర్లు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు ఇంచుమించు మన అరచేయి యంత. కారు బరువు, అందు కూర్చున్నవారి బరువు, బ్రేకు పట్టు, మలుపులో నిలుకడ, ఇవి యన్నియు ఆ నాలుగు అరచేతుల చోటుమీదనే ఆధారపడి యున్నవి.

ప్రతి టైరుమీదను దాని కొలత ముద్రింపబడి యుండును. ఉదాహరణమునకు 165/80 ఆర్14 85టి అని యున్నదనుకొందము. 165 అనునది టైరు వెడల్పు. అది మిల్లీమీటర్లలో చెప్పబడును. 80 అనగా ప్రక్కభాగపు ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎనుబది వంతులు, అనగా 132 మిల్లీమీటర్లు. ఆర్ అను అక్షరము రేడియల్ అను నిర్మాణమును తెలుపును. 14 అనునది రిమ్ము అడ్డుకొలత. అది అంగుళములలో చెప్పబడును. 85 బరువునకు గుర్తు. ఆ గుర్తు గల టైరు 515 కిలోగ్రాముల వరకు మోయగలదు. టి అనునది వేగమునకు గుర్తు. గంటకు 190 కిలోమీటర్లు దాని మేర. కారుతోపాటు ఇచ్చిన పుస్తకములోను, సాధారణముగా డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీమీదను ఆ కారునకు తగిన కొలత యుండును. దానికి తక్కువ బరువు గుర్తు గల టైరును చౌకగా వచ్చినదని వేయరాదు.

ఈ టైరు చుట్టుకొలత సుమారు 1 మీటరు 95 సెంటీమీటర్లు. కావున ఒక కిలోమీటరు నడుచుటకు అది 510 సార్లకు పైగా తిరుగవలెను. గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఒక్క సెకనులో 11 సార్లు తిరుగును. తిరిగినప్పుడెల్ల నేలను తాకిన భాగము నొక్కబడి వంగి, మరల యథాస్థితికి వచ్చును. ఇనుపతీగను చేతితో పదేపదే వంచినచో వేడెక్కుటను మీరు చూచియుందురు. టైరును అట్లే వేడెక్కును. గాలి తక్కువైనచో ఎక్కువ వంగును, ఎక్కువ వేడెక్కును. బలముగా నున్న టైరు ఈ శ్రమను ఓర్చుకొనును. లోపల దెబ్బతిన్నది ఒకనాడు ఓర్చుకొనజాలదు. ఆ దినము ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు.

టైరు వయస్సు

మనుష్యునివలెనే రబ్బరునకును వార్ధక్యము కలదు. పచ్చి రబ్బరు వేడికి జిగటగను, చలికి పెళుసుగను మారును. 1839లో అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకముతో కలిపి వేడిచేసి దృఢపరచు విధానమును కనుగొనెను. నేటి టైర్లకు మూలము అదియే. కాని అట్లు దృఢపడిన రబ్బరును కాలక్రమమున చెడును. గాలిలోని ప్రాణవాయువు, ఓజోను, ఎండ, వేడి, ఇవి దానిని మెల్లమెల్లగా గట్టిపరచి పగుళ్ళు పుట్టించును. టైరును వాడక మూల నుంచినను ఈ మార్పు ఆగదు. ఎక్కువ తిరుగలేదు గనుక క్రొత్తదానితో సమానమను మాట అందుచేతనే నమ్మదగినది కాదు.

రబ్బరు క్రింద సన్నని ఉక్కుతీగలతో నేసిన పట్టీలు ఉండును. రబ్బరు అంటుకొనుటకై ఆ తీగలకు ఇత్తడి పూత వేయుదురు. మేకు గ్రుచ్చిన రంధ్రమును సరిగా మూయనిచో దాని గుండ నీరు చేరి తీగలు త్రుప్పుపట్టును. అప్పుడు రబ్బరు పట్టు వదలును. మా కారు టైరు పైపొర ఊడివచ్చుటకు వయస్సు, నీరు, వేడి, ఈ మూడును తోడ్పడినవని ఆ అంగడి అబ్బాయి చెప్పెను.

టైరు వయస్సు తెలిసికొనుట మిక్కిలి సులభము. ప్రక్కభాగమున డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు ఒక వరుస యుండును. దాని చివరి నాలుగంకెలను చూడవలెను. మొదటి రెండు అంకెలు సంవత్సరములో ఎన్నవ వారమో, తరువాతి రెండు అంకెలు ఏ సంవత్సరమో తెలుపును. 3411 అనగా 2011లో 34వ వారము. 0723 అనగా 2023లో 7వ వారము. మూడంకెలే యున్నచో అది 2000 సంవత్సరమునకు ముందు చేసినది. దానిని ముట్టనే వలదు. ఈ నాలుగంకెలు టైరునకు ఒక ప్రక్కనే యుండవచ్చును. కావున రెండుప్రక్కలను చూడవలెను. అమ్మువాడు అంకెలు లేని ప్రక్కను బొమ్మ తీసి పంపినచో మనకు ఏమియు తెలియదు.

ఐదేండ్లు నిండిన టైరును ఏటేట నిపుణునిచే పరీక్ష చేయించవలెననియు, బాగుగా కనబడినను తయారైన నాటినుండి పదేండ్లు దాటిన దానిని తీసివేయవలెననియు టైర్లు చేయువారిలో పలువురు సలహా నిచ్చుచున్నారు. కొన్ని కార్ల తయారీదారులు ఆరేండ్లకే మార్చుమందురు.

వయస్సును లెక్కచేయనిచో ఏమగునో తెలుపు సంఘటన ఒకటి ఇంగ్లండులో జరిగినది. 2012 సెప్టెంబరు 10వ తేదీన ఒక సంగీతోత్సవమునుండి యువకులను తీసికొనివచ్చుచున్న బస్సు సరే అను జిల్లాలో హైండ్‌హెడ్ వద్ద ముందుటైరు పగిలి చెట్టును ఢీకొట్టెను. ముగ్గురు మరణించిరి. ఆ టైరు వయస్సు పందొమ్మిదిన్నర సంవత్సరములని విచారణలో తేలినది. మృతులలో పదునెనిమిదేండ్ల యువకుడు ఒకడు. అతని తల్లి తన దుఃఖమును దిగమ్రింగి, పాత టైర్లను నిషేధింపవలెనని ఏండ్ల తరబడి పోరాడెను. ఫలితముగా 2021 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఆ దేశమున లారీల, బస్సుల ముందు చక్రములకు పదేండ్లు దాటిన టైర్లు వాడుట నిషేధింపబడినది. ఒక తల్లి సాధించిన చట్టము అది. కాని ఆమె కుమారుడు తిరిగిరాలేదు.

బొమ్మలో కనబడనివి

పాత టైరును ఎదుట పెట్టుకొని పరీక్షించినను కొన్ని లోపములు కనబడవు. ఇక బొమ్మలో ఏమి కనబడును? ఈ క్రింది వానిని తల్లిదండ్రులు గుర్తుంచుకొనగోరెదము.

మొదటిది, లోపలి భాగము. గాలి లేక కొంతదూరము నడిపిన టైరు లోపల ప్రక్కభాగము నలిగి, చుట్టును వలయమువలె గీత పడి, నల్లని పొడి రాలును. బయటనుండి చూచిన అది ఏమియు తెలియదు. రిమ్మునకు తగిలించి అమ్ము టైరు లోపలిభాగమును విప్పనిదే చూడలేము.

రెండవది, అతుకులు. నేలను తాకు నడిమిభాగములో ఆరు మిల్లీమీటర్లకు మించని రంధ్రమును లోపలనుండి సరిగా మూసినచో వాడుకొనవచ్చును. ప్రక్కభాగమున పడిన రంధ్రమునకు, కోతకు చికిత్స లేదు. అచట అతికిన టైరును ఎంత చౌకగా ఇచ్చినను తీసికొనరాదు.

మూడవది, ఉబ్బు. గుంతలోనో రాతిమీదనో పడి లోపలి దారములు తెగినచో ప్రక్కభాగమున బుడగవలె ఉబ్బు వచ్చును. గాలి నింపనప్పుడు ఆ ఉబ్బు అణగియుండును. గాలి లేని టైరు బొమ్మలో అది కనబడదు.

నాలుగవది, కోసిన గాడులు. అరిగి గుండైన టైరునకు కత్తితో క్రొత్త గాడులు కోసి అమ్ము మోసము కలదు. అట్లు కోయుటవలన ఉక్కుతీగలమీది రబ్బరు పలుచనగును. చూపునకు లోతైన గాడియే. లోపల బలము లేదు.

ఐదవది, నల్లరంగు. పూత పూసినచో పాత టైరు నిగనిగలాడును, సన్నని పగుళ్ళు కప్పబడును. నిగనిగను చూచి నాణ్యమని యెంచుటకన్న పొరపాటు లేదు. మేము చేసిన పొరపాటు అదియే.

ఆరవది, అంచు. టైరు రిమ్మును పట్టుకొను అంచున తీగల కట్ట యుండును. విప్పునప్పుడు గడపారతో మోటుగా లాగినచో ఆ అంచు చిరుగును. అట్టి టైరునుండి గాలి మెల్లగా పోవును. గాలి తగ్గినచో ఏమగునో పైన చెప్పియుంటిమి.

ఇంగ్లండులో 1994 నాటి నిబంధనల ప్రకారము వాడిన టైరును అమ్మునప్పుడు వాడినదని దానిమీద ముద్ర వేయవలెను. గాడి లోతు కనీసము రెండు మిల్లీమీటర్లు ఉండవలెను. మన అంగళ్ళలోని పాత టైర్లమీద అట్టి ముద్ర కనబడదు. కావున పరీక్షభారము కొనువానిదే యగుచున్నది.

లాభనష్టముల లెక్క

చౌక గదా యని కొనువారికి ఒక చిన్న లెక్క చూపుదుము. ఇందలి ధరలు లెక్క కొరకు అనుకొన్నవి మాత్రమే.

క్రొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లు, ధర 4,000 రూపాయలు అనుకొందము. వాడిన టైరు గాడి లోతు 4 మిల్లీమీటర్లు, ధర 2,000 రూపాయలు, పార్సెలు ఖర్చు 300 రూపాయలు అనుకొందము. సగము లోతు, సగము ధర, న్యాయమే గదా యని అమ్మువాడు చెప్పును. కాని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 94వ దాని ప్రకారము కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకంటె తగ్గరాదు. కావున ఆ 1.6 మిల్లీమీటర్లు మన ఉపయోగములోనికి రావు. క్రొత్తదానిలో ఉపయోగపడునది 6.4 మిల్లీమీటర్లు. పాతదానిలో ఉపయోగపడునది 2.4 మిల్లీమీటర్లు. అనగా మిగిలినది సగము కాదు, ఎనిమిదింట మూడు వంతులే.

క్రొత్త టైరులో ఒక మిల్లీమీటరు వాడకమునకు పడు వెల 625 రూపాయలు. పాతదానిలో 2,300 రూపాయలను 2.4తో భాగించినచో 958 రూపాయలకు పైగా వచ్చును. ఏది చౌక? ఇంతకును మరల బిగింపు కూలి, చక్రము తూకము సరిచేయించు ఖర్చు, త్వరలో మరల కొనవలసి వచ్చుట, ఇవి లెక్కలో చేర్చలేదు. పిల్లల ప్రాణమునకు లెక్క వేయుట మాకు రాదు.

చట్టము ఎంతవరకు ఆదుకొనును?

మోసపోయినవారు వెంటనే నిరాశ పడనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. బాడుగకారు వ్యాపారము గదా, మాకు ఈ చట్టము వర్తించునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. స్వయముగా శ్రమించి జీవనము సాగించుటకై మాత్రమే కొన్నవారిని చట్టము వినియోగదారులుగానే పరిగణించును. తాము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాని ఊరికి పోనక్కరలేదు. సాధారణముగా రెండేండ్లలోపల చేయవలెను.

అంతర్జాల వ్యాపారమునకు 2020లో వేరుగా నిబంధనలు వచ్చినవి. వాని ప్రకారము ప్రతి సంస్థయు ఫిర్యాదులు వినుటకు ఒక అధికారిని నియమింపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. వర్ణనకు భిన్నమైన వస్తువును పంపిన వ్యాపారి దానిని తిరిగి తీసికొనుటకు నిరాకరింపరాదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము సంఖ్య 1915. ఫోను ద్వారా సొమ్ము అపహరింపబడినచో తడవు చేయక 1930 అను సంఖ్యకు తెలుపవలెను. సొమ్ము తిరిగి ఇచ్చెదము, ఈ గుర్తును స్కాను చేసి పిన్ను నొక్కుమని ఎవరైన చెప్పినచో వినరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్నుతో పనిలేదు. పిన్ను నొక్కినచో మన సొమ్మే పోవును.

ఐనను చట్టమునకు ఆధారము కావలెను. మన పిల్లవాని తండ్రికి బిల్లు లేదు. అమ్మినవాడు వ్యాపారియో, ఇంటిలోని పాత వస్తువును వదిలించుకొన్న మనిషియో తెలియదు. ఫోను చేయగా ఎవరును పలుకలేదు. ప్రకటన కూడ మాయమయ్యెను. నాలుగువేల రూపాయలు పోయినవి. ఆ నాలుగువేలు ఆ ఇంటికి ఎన్ని దినముల కష్టార్జితమో మాకు తెలియును.

ఏమి చేయవలెను?

సాధ్యమైనంతవరకు క్రొత్త టైరునే కొనవలెను. నాలుగు ఒక్కసారి కొనలేనిచో రెండు చొప్పున, ఒకే ఇరుసుమీది రెండింటిని కలిపి మార్చవచ్చును. క్రొత్త టైరును అంతర్జాలములో కొన్నను, బిల్లు ఇచ్చు వ్యాపారియొద్దనే కొని, బిగింపకముందే కొలత, ఐ.ఎస్.ఐ. గుర్తు, నాలుగంకెలు చూడవలెను. బిగించిన తరువాత తిరిగి తీసికొనుట దుర్లభము.

వాడిన టైరు తప్పనిసరియైనచో ఫోనులో కొనక, స్వయముగా పోయి, రిమ్మునుండి విప్పిన టైరును లోపల, వెలుపల చూడవలెను. నమ్మకమైన మేస్త్రీని వెంట తీసికొనిపోవలెను. నాలుగంకెలు చదువవలెను, ఐదేండ్లు దాటినదానిని వదలివేయవలెను. గాడి లోతును మూడు నాలుగు చోట్ల కొలువవలెను. గాడుల నడుమ అక్కడక్కడ చిన్న గట్లు ఉండును. రబ్బరు వానితో సమానముగా అరిగినచో 1.6 మిల్లీమీటర్ల మేర వచ్చినట్లే. బిల్లుమీద ఆ నాలుగంకెలను వ్రాయించుకొనవలెను. పరీక్షింపక ముందు ఒక్క రూపాయియు ఇవ్వరాదు.

డిక్కీలోని అదనపు టైరును మరువరాదు. వాడలేదు గదా యని దానిని క్రొత్తదిగా తలచుదుము. దానికిని వయస్సు కలదు.

ముగింపు

మనము తెలుగు, తమిళము, కన్నడము, ఇంగ్లీషు అను నాలుగు భాషల ముంగిట నిలిచినవారము. ఏ భాషలో ప్రకటన వచ్చినను చదివి చెప్పుమని తల్లిదండ్రులు పిల్లలయొద్దకో, మాయొద్దకో వచ్చుట సహజము. చదివి చెప్పువానికి అందువలన బాధ్యత హెచ్చును. వ్రాసినదాని అర్థము చెప్పుట ఒకటి. వ్రాసినది నిజమని చెప్పుట వేరొకటి. ఆనాడు మేము మొదటిది చేసి, రెండవదియు చేసినట్లు మాటలాడితిమి.

శూలగిరి సంఘటన తరువాత మేము ఆ తండ్రి యింటికి పోయి క్షమింపుమని అడిగితిమి. అతడు, "మీరు చదివింది సరిగానే చదివినారు అయ్యవారూ. రాసినోడే అబద్ధం రాసినాడు" అనెను. అది అతని పెద్దమనసు. దానిని మేము సమాధానముగా తీసికొనలేకపోతిమి.

ఈ సంవత్సరమునుండి ఎనిమిదవ తరగతి గణితపు పాఠములో టైరు చదువుటను చేర్చితిమి. పిల్లలు తమ పెట్టెలలోని కొలబద్దను గాడిలో నిలిపి మిల్లీమీటర్లు కొలుచుచున్నారు. వారములను, సంవత్సరములను లెక్కించుచున్నారు. పాఠశాల ముందు నిలుచు కార్ల, ఆటోల అంకెలను ఒక పుస్తకములో వ్రాయుచున్నారు. మీ పిల్లవాడు ఇంటికి వచ్చి, "నాయనా, మన బండి టైరుమీది అంకెలు చూడనీ" అని అడిగినచో ఆటయని త్రోసిపుచ్చక, దీపము పట్టి చూపుడు. అతడు చదివిన అంకెను మీరును ఒకసారి చదువుడు. ఆ బండిలో రేపు కూర్చుండువాడు అతడే గదా!